అంబాసిడర్ డ్యాష్‌బోర్డు లైట్లు: బల్బు కన్నా ముందు ఎర్త్ చూడండి

అంబాసిడర్‌లో మీటరు లైట్లు మసకబారితే చాలామంది ముందు చేసేది ఎక్కువ వాట్ల బల్బు వేయడం. దయచేసి ఆ పని చేయకండి. అక్కడ ఉండాల్సింది 12 వోల్టుల చిన్న బల్బు, 2 నుంచి 3 వాట్లది. 5 వాట్లది పెడితే ఆ వేడికి రంగు కవరు, హోల్డరు మెత్తబడి వంకర్లు పోతాయి. విజయవాడ మే ఎండలో నిలబెట్టిన బండిలో అయితే ఇంకా తొందరగా.

వెలుగు తగ్గిందంటే చాలావరకు ఎర్త్, అంటే బల్బు నుంచి కరెంటు బండి బాడీకి తిరిగి చేరే దారి, సరిగా అందకే. బ్యాటరీ ఎర్త్ టెర్మినల్ ఊడదీసి, మీటరు వెనక హోల్డర్లను ఒక్కొక్కటే లాగి చూడండి. ఇత్తడి రేకు మీద పచ్చగా చిలుము కనిపిస్తుంది. సన్న ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్ది, వదులైన రేకుని కాస్త పైకి వంచండి. టెర్మినల్ మళ్లీ బిగించి, మీటరు డబ్బా నుంచి రంగు గీకిన బాడీ మీదకి విడిగా ఒక వైరు ఆనించండి. లైట్లు ఒక్కసారిగా పెరిగితే ఆ వైరుని అక్కడే స్క్రూతో శాశ్వతంగా బిగించేయండి.

ఛార్జింగ్ లైటు సంగతి వేరు. దాని ఒక కొస తాళం స్విచ్‌కి, రెండోది డైనమో (ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) వైపుకి వెళ్తుంది. ఇంజన్ తిరిగితే రెండు వైపులా వోల్టేజీ సమానమై లైటు ఆరిపోతుంది. డైనమో బండి స్లోలో ఉన్నప్పుడు కొద్దిగా మిణుకుమంటే కంగారక్కర్లేదు, రేస్ చేస్తే ఆరాలి. ఆరలేదంటే ముందు ఫ్యాన్ బెల్టు చూడండి. డైనమో బదులు ఆల్టర్నేటర్ వేయించిన బండిలో ఇక్కడ ఎల్‌ఈడీ మాత్రం పెట్టొద్దు. 2.2 వాట్ల బల్బు గుండా వెళ్లే సుమారు 0.18 ఆంపియర్లే ఆల్టర్నేటర్‌ని లేపుతాయి, ఎల్‌ఈడీ అంత కరెంటు పంపదు. తప్పదనుకుంటే దానికి సమాంతరంగా 68 ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్ కలపండి.

ఆయిల్ ప్రెషర్ లైటు ఉన్న బండిలో దాన్ని పరీక్షించాలంటే ఇంజన్ ఆపి, తాళం ఆన్ చేసి, ఇంజన్ బ్లాకు మీది ఆయిల్ ప్రెషర్ స్విచ్ నుంచి వైరు తీయండి. లైటు ఆరాలి, ఆ వైరు బ్లాకుకి తాకిస్తే వెలగాలి. తీసినా ఆరకపోతే వైరు ఎక్కడో బాడీకి ఒరుసుకుంటోంది. కొత్త స్విచ్ మరలకి టెఫ్లాన్ టేపు చుట్టకండి, ఎర్త్ పోయి లైటు అసలు వెలగకపోవచ్చు. వైరు బాగానే ఉండి, ఇంజన్ తిరుగుతున్నా లైటు వెలుగుతుంటే వెంటనే ఆపేయండి. గేజీ పెట్టి ప్రెషర్ కొలవకుండా "స్విచ్ పోయిందిలే" అనుకుంటే బేరింగులు పోతాయి.

ఇండికేటర్ లైటు ఒక వైపు గబగబా కొట్టుకున్నా, కదలక నిలిచిపోయినా ఆ వైపు బయటి 21 వాట్ల బల్బు, దాని ఎర్త్ చూడండి. బయట ఎల్‌ఈడీలు వేస్తే పాత ఫ్లాషర్ (ఇండికేటర్లని మిణుకుమనిపించే డబ్బీ) సరిగా పనిచేయదు, ఎలక్ట్రానిక్‌ది కావాలి. ఆటోనగర్‌కి వెళ్లేటప్పుడు పాత బల్బు, పాత ఫ్లాషర్ వెంట తీసుకెళ్లండి. మర బల్బు, పిన్ను బల్బు ఒకదాని హోల్డర్లో ఇంకోటి కూర్చోవు. మూడు పిన్నుల ఫ్లాషర్‌లో బి సప్లయికి, ఎల్ స్విచ్‌కి, పి డ్యాష్‌బోర్డు లైటుకి.