లినక్స్ ఎక్కించే ముందు చూసుకోవాల్సినవి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. బాగా పనిచేస్తున్న ల్యాప్‌టాప్‌ను మూలన పడేయడం ఇష్టంలేక విండోస్‌కు బదులు వాడుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లినక్స్ వైపు చూస్తున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళ చేతికి దొరికే గైడ్‌లు ఎక్కువగా "యూఎస్‌బీ నుంచి బూట్ చేయండి" అంటూ మొదలవుతాయి. కొంప మునిగేది మాత్రం ఎక్కువసార్లు అంతకుముందు చేయకుండా వదిలేసిన పనుల వల్లే.

ముందుగా గైడ్‌ను చివరిదాకా చదవండి. కమాండ్ పైన పెట్టి, "ఇది డిస్క్ మొత్తం చెరిపేస్తుంది" అని కింద రాసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అది ఏ వెర్షన్ కోసం రాశారో కూడా చూడండి. ఉబుంటు అనే లినక్స్ రకం 20.04 వెర్షన్ స్క్రీన్‌షాట్లు పట్టుకుని 24.04 ఎక్కించబోతే తెరలే కలవవు, టెన్షన్ అక్కడే మొదలవుతుంది. గైడ్‌ను ఫోన్లో తెరిచి పెట్టుకోండి, ఇన్‌స్టాల్ అయ్యేది మీ ల్యాప్‌టాప్‌లోనే కదా.

బ్యాకప్ వేరే డ్రైవ్‌లో ఉండాలి. అదే డిస్క్‌లోని డీ డ్రైవ్‌లోకి కాపీ చేస్తే అది బ్యాకప్ కాదు. బూటబుల్‌గా మార్చే యూఎస్‌బీలో ఉన్నవి కూడా చెరిగిపోతాయి.

విండోస్‌ను కూడా ఉంచుకునేవాళ్ళు బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ ఫీచర్) సంగతి తప్పక చూడాలి. కొత్త ల్యాప్‌టాప్‌లలో మీరేమీ నొక్కకుండానే డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉండొచ్చు. లినక్స్ కోసమని సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ మొదలయ్యేలా చూసే) సెట్టింగ్ మార్చి, మళ్ళీ విండోస్‌లోకి వెళ్ళబోతే నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ముందే వెతికి కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా మూతపడదు, సగం నిద్రలో ఉంటుంది. ఆ స్థితిలో దాని పార్టిషన్లను (డిస్క్‌లోని భాగాలను) లినక్స్ నుంచి ముట్టుకోకూడదు. ఖాళీ చోటు కూడా విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనే చేసుకోవడం మేలు.

వెంటనే ఇన్‌స్టాల్ నొక్కకుండా లైవ్ సెషన్‌లో (ఇన్‌స్టాల్ చేయకుండానే యూఎస్‌బీ నుంచి నడిచే లినక్స్‌లో) కాసేపు తిరగండి. వైఫై, సౌండ్, టచ్‌ప్యాడ్ పనిచేస్తున్నాయా? ఇన్‌స్టాలర్‌కు అసలు డిస్కే కనబడకపోతే, కొన్ని ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో స్టోరేజ్ మోడ్ (డిస్క్‌తో కంప్యూటర్ మాట్లాడే పద్ధతి) రెయిడ్‌లో ఉండటం కారణం కావచ్చు. "బయోస్‌లో ఏహెచ్‌సీఐకి మార్చండి" (విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగ్‌ల తెరలో ఇంకో మోడ్ ఎంచుకోండి) అని ఒక్క ముక్కలో తేల్చేసే గైడ్‌ను నమ్మకండి. విండోస్‌ను ముందు సేఫ్ మోడ్‌కు సిద్ధం చేయకుండా అది మారిస్తే విండోస్ బూట్ కాకుండా పోవచ్చు.

ఇక అసలు ప్రమాదమంతా డిస్క్ ఎంచుకునే తెర దగ్గరే. అక్కడికి రాకముందే ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లన్నీ పీకేయండి. ఎస్‌డీఏ (లినక్స్ డిస్క్‌కు పెట్టే పేరు) అని కనబడగానే అదే మీ డిస్క్ అనుకోవద్దు, ఎన్‌వీఎంఈ డిస్క్ (కొత్త రకం వేగవంతమైన ఎస్‌ఎస్‌డీ) ఉన్న ల్యాప్‌టాప్‌లో ఆ పేరు మీ యూఎస్‌బీదే కావచ్చు. పేరుతో పాటు సైజు చూడండి. 512 జీబీ డిస్క్ ఇక్కడ 476 దగ్గర కనబడినా కంగారు అక్కర్లేదు, లెక్కపెట్టే పద్ధతి తేడా అంతే. "ఎరేస్ డిస్క్" అంటే విండోస్‌తో సహా మొత్తం పోవడమే. పార్టిషన్లు చేత్తో చేసుకునేవాళ్ళు ఇప్పటికే ఉన్న ఈఎఫ్ఐ పార్టిషన్‌ను (కంప్యూటర్ మొదలవడానికి కావాల్సిన ఫైళ్ళుండే భాగాన్ని) వాడుకోవాలి, ఫార్మాట్ చేయకూడదు. చివరి నిర్ధారణ నొక్కేముందు ఆ తెరను ఫోటో తీసుకోండి.

గైడ్‌లు రాసేవాళ్ళకు ఒక మనవి: ఇక్కడ "మీకు తగిన డిస్క్ ఎంచుకోండి" అని తప్పుకోవద్దు. ఏది తగినదో తెలియకే కదా కొత్తవాళ్ళు మీ గైడ్ తెరిచింది.

అన్నీ సరిగ్గా జరిగాక కూడా విండోస్‌లో గడియారం తప్పు చూపిస్తే భయపడకండి. కంప్యూటర్ లోపలి గడియారాన్ని లినక్స్ యూటీసీగా (ప్రపంచ ప్రామాణిక సమయంగా), విండోస్ స్థానిక సమయంగా చదువుతాయి. లినక్స్‌లో ఒక్క సెట్టింగ్ మారిస్తే సరిపోతుంది.