వేడిని తట్టుకునే లోహాల కోసం మెషీన్ లెర్నింగ్ – 4వ పాఠం: కాపీ కొట్టే మోడల్

పోయిన పాఠంలో మిశ్రలోహాల పట్టిక తయారుచేసుకున్నాం. ఒక్కో వరుసలో మూలకాల పాళ్లు, ఉష్ణోగ్రత, ఆ వేడిలో లోహం బలం. మీలో కొందరు ఈపాటికే రాండమ్ ఫారెస్ట్ (బోలెడు నిర్ణయ వృక్షాల జవాబుల సగటు తీసి అంచనా చెప్పే మోడల్) నడిపేసి, అంచనాలు ఎంత సరిగ్గా వచ్చాయో చెప్పే స్కోరు చూసి మురిసిపోయి ఉంటారు. మొదట్లో నేనూ మురిసిపోయినవాణ్ణే.

పట్టిక మళ్లీ తెరవండి. నియోబియం, మాలిబ్డినం, టాంటలం, టంగ్‌స్టన్ సమపాళ్లలో కలిపిన లోహం ఎక్కడుందో చూడండి. దీన్ని 2010లో ప్రకటించారు. దిగుబడి బలం (లోహం శాశ్వతంగా వంగడం మొదలయ్యే ఒత్తిడి) గది ఉష్ణోగ్రతలో 1058 మెగాపాస్కల్స్, 1600 డిగ్రీల సెల్సియస్ దగ్గర 405. మధ్యలో 1000, 1200, 1400 డిగ్రీల కొలతలూ ఉన్నాయి. లోహం ఒకటే, వరుసలు మాత్రం బోలెడు.

ఇప్పుడు వరుసలను పేకముక్కల్లా కలిపేసి 80 శాతం శిక్షణకు, 20 శాతం పరీక్షకు తీశామనుకోండి. 1200, 1600 వరుసలు శిక్షణలోకి పోయి 1400 పరీక్షలో పడిందా, అయిపోయింది! రెండు చుక్కల మధ్య గీత గీసినా జవాబు దాదాపు వచ్చేస్తుంది. మోడల్ లోహశాస్త్రం ఏమీ నేర్చుకోలేదు, పక్కవాడి పేపర్ చూసి రాసిందంతే.

అందుకే వరుసలను కాదు, లోహాలను విడగొట్టాలి. పట్టికలో 'గుంపు' అనే నిలువు వరుస ఒకటి చేర్చండి. ఒకే కూర్పు ఉన్న వరుసలన్నిటికీ ఒకే అంకె ఇచ్చి, సైకిట్-లెర్న్ అనే పైథాన్ లైబ్రరీలోని గ్రూప్‌కేఫోల్డ్‌కు అప్పగించండి; ఒక గుంపును శిక్షణకూ పరీక్షకూ మధ్య చీల్చకుండా అది విడగొడుతుంది. పై లోహానికే వెనేడియం చేర్చిన తమ్ముడొకడు ఉన్నాడు, 1600 దగ్గర 477 మెగాపాస్కల్స్. వాణ్ణి వేరే గుంపులో పెడితే కాపీ మళ్లీ మొదలు. అన్నదమ్ములను ఒకే గుంపులో ఉంచండి.

స్కోరు పడిపోతుంది. పడనివ్వండి, అసలు లెక్క అదే.

ఇంకో చిక్కు. రాండమ్ ఫారెస్ట్ తను చూసిన విలువల సగటునే చెబుతుంది కాబట్టి, శిక్షణలోని గరిష్ఠ బలాన్ని దాటి ఎప్పుడూ చెప్పలేదు. మనం వెతికేదేమో అంతకు మించినదాన్ని! అన్నట్టు, బలం ఒక్కటే చూస్తే చాలదు: వేడి గాలిలో మాలిబ్డినం ఆక్సైడ్ ఆవిరై పోతుంది, లోహం అరిగిపోతుంది. ఆ సంగతి మన పట్టికలో ఎక్కడా లేదు.

ఈ వారం పని: రెండు రకాల విభజనతోనూ మోడల్ నడిపి, రెండు స్కోర్లూ పక్కపక్కన రాసిపెట్టుకోండి. వచ్చే పాఠంలో గాసియన్ ప్రాసెస్ (అంచనాతోపాటు దాన్ని ఎంత నమ్మొచ్చో కూడా చెప్పే పద్ధతి) మొదలుపెట్టేటప్పుడు ఆ కాగితం కావాలి.