మన హార్డ్‌టాప్ మనమే బాగుచేసుకుందాం – మూడవ పాఠం: పగుళ్లు, సీళ్లు, వేసవి నిల్వ

గత పాఠంలో మొదటి తరం మాజ్డా ఎంఎక్స్-5 మీది నుంచి హార్డ్‌టాప్‌ను, అంటే గుడ్డ కప్పు ఉన్న కారుకు పైన బిగించి దింపుకునే గట్టి కప్పును, ఇద్దరు మనుషులు కలిసి ఎలా దింపాలో నేర్చుకున్నాం. 1989లో షికాగో మోటారు ప్రదర్శనలో తొలిసారి కనిపించిన ఆ చిన్న కారు, మియాటా పేరుతో అమెరికాలో ఇప్పటికీ ఎన్నో గ్యారేజీల్లో ఉంది. మిషిగన్ వంటి చలి రాష్ట్రాల్లో నవంబరులో హార్డ్‌టాప్ ఎక్కిస్తారు, ఏప్రిల్ దాటాక దింపుతారు. అంటే ఏడాదిలో సగం రోజులు అది కారు మీద ఉండదు. నేను చూసిన పాడైన హార్డ్‌టాపుల్లో ఎక్కువ భాగం రోడ్డు మీద కాదు, ఆ సగం రోజుల్లో గ్యారేజీ మూలనే పాడయ్యాయి. ఈ పాఠమంతా అందుకే.

దింపిన టాపును పాత దుప్పటి మీద బోర్లించి, సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత ఒక నాణెం తీసుకుని పైకప్పు అంతటా మెల్లగా తట్టుతూ వెళ్లండి. గట్టిగా ఉన్న చోట టక్కుమని స్పష్టమైన చప్పుడు వస్తుంది. పొరలు విడిపోయిన చోట బద్దలైన కుండను తట్టినట్టు బొంగురుగా మోగుతుంది. అక్కడ పెన్సిల్‌తో సున్నా చుట్టండి. బిగింపులు కూర్చునే మూలలను రెండుసార్లు చూడండి, బరువూ కుదుపూ మోసేది అవే.

ఈ టాపు రేకు కాదు. గాజునార ముక్కలను పాలిస్టర్ రెసిన్‌లో కలిపి, షీటుగా చేసి, వేడి అచ్చులో నొక్కి తయారుచేసినది. అచ్చు నుంచి సులువుగా ఊడిరావడానికి ఆ మిశ్రమంలోనే జారుడు పదార్థం కలుపుతారు. అందుకే దుకాణంలో చవకగా దొరికే మామూలు పాలిస్టర్ రెసిన్ దీన్ని గట్టిగా పట్టుకోదు. అతుకు మొదట బాగానే కనిపించి, కొన్ని నెలల్లో అంచుల దగ్గర లేచిపోతుంది. గట్టిగా అతుక్కునే ఎపాక్సీ రెసినే వాడండి, ఈ ఒక్క ఖర్చులో పొదుపు చేయకండి.

పగులు కొస ఎక్కడ ఆగిందో చూసి, అక్కడ 3 మిల్లీమీటర్ల చిన్న రంధ్రం వేయండి. పగులు అంతకు మించి పాకదు. తర్వాత పగులు వెంబడి పైనుంచి వెడల్పుగా, అడుగున సన్నగా ఉండే గాడి తీయండి. లోపలి వైపున 80 నంబరు ఉప్పు కాగితంతో పగులుకు రెండు పక్కలా నాలుగు వేళ్ల వెడల్పున, మెరుపు పూర్తిగా పోయేదాకా రుద్దండి. అక్కడ గాజునార గుడ్డను ఎపాక్సీలో తడిపి రెండు పొరలు వేయండి, రెండో పొర మొదటిదానికంటే కొంచెం పెద్దదిగా ఉండాలి. పైవైపు గాడిని ఎపాక్సీ లప్పంతో నింపండి. గాజునార ధూళి ఊపిరితిత్తులకు చేటు, గుడ్డ కట్టుకుంటే ఆగదు. సరైన వడపోత ఉన్న మాస్కు, కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా ఈ పని మొదలుపెట్టకండి.

ఒక మాట రంగు గురించి. పూర్తి రంగుపని తర్వాతి పాఠాల్లో వస్తుంది. మీ టాపు ఎరుపైతే, ఎండకు గులాబీ రంగుకు తిరిగి ఉండవచ్చు. పాలిష్ పెట్టి రుద్దగానే గుడ్డ ఎర్రబడుతుంది, కంగారు పడకండి. ఆ ఎరుపు మీద పారదర్శక పొర ఉండదు, గుడ్డకు అంటేది పైపైన చచ్చిన రంగే. అడుగున మంచి ఎరుపు ఇంకా ఉంటుంది.

ఇక సీళ్లు, అంటే నీరు దిగకుండా టాపు అంచుల్లో ఉండే రబ్బరు. గట్టిపడిన రబ్బరును మెత్తబరిచే మందు లేదు. వేలితో నొక్కితే తిరిగి పైకి లేవని సీలును మార్చాల్సిందే. ఇంకా జీవం ఉన్నదానికి సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. పెట్రోలియం జెల్లీ, ఇంజను గ్రీజు రబ్బరును ఉబ్బించి పాడుచేస్తాయి. సీలు సరిగా కూర్చుందో లేదో తెలుసుకోవడానికి టాపును కారు మీద పెట్టి, ముందు అద్దం చట్రానికీ సీలుకూ మధ్య రెండు వేళ్ల వెడల్పు కాగితపు ముక్క ఉంచి బిగింపులు వేయండి. ఇప్పుడు కాగితం లాగండి. పట్టుగా, చిరగకుండా జరిగితే బాగుంది. ఊరికే జారి వస్తే అక్కడ నీరు దిగుతుంది. జానెడు దూరానికోసారి ఇలా చూస్తూ వెళ్లండి. గొట్టంతో నీళ్లు కొట్టి వెతకడం కంటే ఇది నయం, కారుతున్న చోటు కచ్చితంగా తెలుస్తుంది.

నిల్వకు వద్దాం. టాపును సీళ్ల మీదే నేలకు ఆన్చి నెలల తరబడి ఉంచితే, సుమారు 20 కిలోల బరువు కింద రబ్బరు చప్పిడై అలాగే ఉండిపోతుంది. వెనుక అద్దం మీద బరువు పడేలా గోడకు వాల్చడం ఇంకా ప్రమాదం. నాకు నచ్చిన పద్ధతి గ్యారేజీ పైకప్పు దూలాలకు గిలకలు బిగించి వేలాడదీయడం. కొక్కేలు దూలపు చెక్కలోకే దిగాలి. జిప్సం పలక బరువు మోయదు. వెడల్పాటి పట్టీలు నాలుగు వాడండి, అవి ఆనే చోట మెత్తని గుడ్డ చుట్టండి, ఏ పట్టీ అద్దం మీదుగా పోకూడదు. పైకి లాగాక విడిగా ఒక గొలుసు కూడా తగిలించండి. తాడు ముడి ఒక్కదాన్నే నమ్మి దాని కింద కారు నిలపడం నాకు ఇష్టం లేదు, పిల్లలు తిరిగే గ్యారేజీ అయితే అసలే వద్దు.

పైన కప్పేది నూలు దుప్పటే. ప్లాస్టిక్ షీటు కప్పితే తేమ లోపలే చిక్కుకుని, పైకప్పు లోపలి గుడ్డకు బూజు పడుతుంది. బోల్టులను సంచిలో వేసి, ఏది ఏ పక్కదో రాసి, టాపుకే కట్టండి.

చలికాలంలో టాపు కింద మడిచి ఉండే గుడ్డ కప్పును కూడా మరవకండి. నవంబరులో మడిచే ముందు దాన్ని కడిగి, ఎండలో ఆరబెట్టి, జిప్పు తీసి ప్లాస్టిక్ కిటికీని చదునుగా పరచి, మడతల మధ్య పాత తువాలు పెట్టండి. తడిగా, కిటికీ మడతపడి ఐదు నెలలు ఉంటే అది వసంతంలో తిరిగి పనికిరాదు.

వచ్చే పాఠం లోపలి గుడ్డ గురించి. దానికి ముందు రెండు పనులు చేసి ఉంచండి: మీ గ్యారేజీ పైకప్పులో దూలాలు ఎక్కడెక్కడ ఉన్నాయో తట్టి చూసి సుద్దతో గుర్తు పెట్టండి, నాణెం పరీక్షలో మీరు చుట్టిన సున్నాలన్నిటినీ ఒక కాగితం మీద బొమ్మగా గీసుకోండి. గుడ్డ విప్పినప్పుడు ఆ బొమ్మే మనకు దారి చూపుతుంది.