ఏంజెల్ చేపలకు ఎంత పెద్ద ట్యాంకు కావాలి?

షాపులో చూసినప్పుడు ఏంజెల్ చేప పది రూపాయల బిళ్లంత ఉంటుంది. ఆ సైజు చూసే మనం ట్యాంకు కొంటాం. తప్పు అక్కడే మొదలవుతుంది. నల్లగొండలో మా ఇంటికి మొదట తెచ్చిన ట్యాంకు పొడవు రెండు ఫీట్లు, వెడల్పు ఫీటు, ఎత్తు ఫీటు. "నాలుగు చేపలకు ఇది మస్తయితదన్నా" అన్నాడు అమ్మినతను. ఎనిమిది నెలలు తిరిగేసరికి నాలుగింటిలో రెండు జోడీ కట్టాయి. ట్యాంకంతా వాటిదే. మిగతా రెండు ఫిల్టర్ వెనక మూలన నక్కి, తిండి వేసినా బయటికి రావడానికి జంకేవి. వాటి రెక్కల కొసలు చిరిగి పీలికలయ్యాయి. అమ్మినతను అబద్ధమేమీ చెప్పలేదు. ఆ రోజున్న చేపలకు ఆ ట్యాంకు మస్తుగానే ఉంది.

నేను చెప్పేది మంచినీటి ఏంజెల్ గురించి. అదే పేరుతో సముద్రపు చేపలు కూడా ఉన్నాయి, వాటి సంగతి వేరు.

ముందు ఎత్తు చూడండి

ఏంజెల్ పుట్టిల్లు అమెజాన్ నదీ ప్రాంతం. నీళ్లు మెల్లగా పారే చోట, చెట్ల వేర్ల మధ్య, నీటి మొక్కల కాడల మధ్య తిరుగుతుంది. అందుకే దాని ఒళ్లు నిలబెట్టిన పళ్లెంలా పలచగా ఉంటుంది. బాగా పెరిగిన చేప పొడవు ఆరు అంగుళాల దాకా వస్తుంది. పై రెక్క కొస నుంచి కింది రెక్క కొస దాకా కొలిస్తే మాత్రం ఎనిమిది అంగుళాల దాకా ఉంటుంది. పొడవు కంటే ఎత్తే ఎక్కువ.

ఇప్పుడు ఫీటు ఎత్తు ట్యాంకు లెక్క చూడండి. మొత్తం 12 అంగుళాలు. అడుగున గులకరాళ్లకు రెండు అంగుళాలు పోతాయి. నీళ్లు అంచు దాకా నింపం కాబట్టి పైన ఇంకో రెండు పోతాయి. మిగిలింది ఎనిమిది. అంటే చేప ఎత్తు ఎంతో, నీళ్ల లోతు అంతే. పైన కాస్త తేలితే రెక్క నీళ్ల బయటికి వస్తుంది, కిందికి దిగితే రాళ్లకు రాసుకుంటుంది. అందుకే ఎత్తు 18 అంగుళాలకు తగ్గకూడదు. పొడవు, వెడల్పు, అందం అన్నీ దాని తర్వాతే. ఫీటు ఎత్తుతో నాలుగు ఫీట్ల పొడవున్న ట్యాంకు చౌకగా వస్తుందన్నా ఏంజెల్ కోసం తీసుకోకండి. గుండ్రటి గాజు గిన్నెల ఊసే వద్దు.

తర్వాత ఎన్ని చేపలో తేల్చుకోండి

పిల్ల చేపల్లో మగ, ఆడ తేడా తెలియదు. అందుకని చాలామంది ఐదారు పిల్లల్ని తెచ్చి కలిపి పెంచుతారు, జోడీ కుదిరాక మిగతావి ఎవరికైనా ఇచ్చేస్తారు. మంచి పద్ధతే. కాకపోతే ఆ జోడీ కుదిరే దాకా అన్నీ ఒకేచోట ఉండాలి కదా, ట్యాంకు దానికి తగ్గట్టు ఉండాలి.

ఏంజెల్ చూడటానికి సాధువులా ఉంటుంది గానీ సిక్లిడ్ అనే కొట్లాట కుటుంబానికి చెందిన చేప. గుడ్లు పెట్టే రోజులొస్తే కొట్లాటకు దిగుతుంది. నిలువుగా ఉన్న ఆకు మీదో, ఫిల్టర్ పైపు మీదో, గాజు మీదో గుడ్లు పెట్టి రెండూ కాపలా కాస్తాయి. మూడు ఫీట్ల ట్యాంకులో కూడా సగం జాగా ఆ జోడీ కిందికే పోతుంది. మిగతా చేపలకు తప్పించుకునే సగం ఉందా లేదా అన్నదే ప్రశ్న.

ఒక్క జోడీ చాలనుకుంటే రెండు ఫీట్ల పొడవు, ఫీటున్నర వెడల్పు, ఫీటున్నర ఎత్తు సరిపోతుంది. నాలుగైదు చేపలు కావాలంటే మూడు ఫీట్ల పొడవుకు వెళ్లండి, వెడల్పు, ఎత్తు ఫీటున్నర చొప్పున. ఆరు ఏంజెల్స్, వాటితో పాటు వేరే చేపలు కూడా కావాలంటే నాలుగు ఫీట్లు. నన్నడిగితే మన ఇళ్లకు మూడు ఫీట్లదే కుదురుతుంది, ఎందుకో కింద చెప్తాను.

తోడు చేపల గురించి రెండు ముక్కలు. చిన్న నియాన్ టెట్రాలు పెద్ద ఏంజెల్‌కు ఆహారమే. టైగర్ బార్బ్‌లు దాని రెక్కలు కొరుకుతాయి. గోల్డ్ ఫిష్‌కు చల్లటి నీళ్లు కావాలి, ఈ రెంటికీ పొత్తు కుదరదు.

లీటర్ల లెక్క

ట్యాంకు పొడవు, వెడల్పు, ఎత్తు ఫీట్లలో గుణించి, వచ్చినదాన్ని 28.3తో గుణిస్తే లీటర్లు వస్తాయి. మూడు ఫీట్ల ట్యాంకుకు 3 × 1.5 × 1.5 అంటే 6.75, దాన్ని 28.3తో గుణిస్తే 191 లీటర్లు. రెండు ఫీట్ల జోడీ ట్యాంకుకు 127. నాలుగు ఫీట్లది, ఎత్తు ఫీటున్నరే అయితే, 255 దగ్గర ఉంటుంది.

ఇది ఖాళీ ట్యాంకు లెక్క. గులకరాళ్లు, పైన వదిలిన జాగా తీసేస్తే మూడు ఫీట్ల ట్యాంకులో పట్టే నీళ్లు 150 లీటర్ల చుట్టుపక్కలే. మొదటిసారి నింపేటప్పుడు 20 లీటర్ల మంచినీళ్ల క్యానుతో పోస్తూ ఎన్ని పట్టాయో లెక్కబెట్టండి. ఆ అంకె టేపు మీద రాసి ట్యాంకు వెనక అంటించండి. రేపు చేపకు జబ్బు చేసి మందు వేయాల్సి వస్తే మోతాదు ఆ అంకెను బట్టే వేయాలి.

మన నీళ్లు, మన ఎండలు

వారానికోసారి నాలుగో వంతు నీళ్లు తీసి కొత్తవి పోయాలి. మూడు ఫీట్ల ట్యాంకుకు అది 40 లీటర్లు, అంటే రెండు క్యాన్లు. ఎండాకాలంలో కూడా మనిల్లు ఆ మాత్రం భరిస్తుంది. నాలుగు ఫీట్లకు వెళ్తే రెండున్నర క్యాన్లు. బోరు ఎండి ట్యాంకర్ తెప్పించుకునే వాడకట్టులో ఉంటే ముందే ఆలోచించుకోండి. అలాగని చిన్న ట్యాంకు కొంటే నీళ్లు కలిసొస్తాయనుకోవద్దు. చేప తినేది, విసర్జించేది మారదు. సగం నీళ్లలో అమ్మోనియా (చేపల వ్యర్థాల నుంచి పుట్టే విషం) రెట్టింపు చిక్కగా చేరుతుంది, మార్చాల్సిన నీళ్లు తగ్గవు.

నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. టబ్బులో పట్టి ఒక రోజు మూత లేకుండా ఉంచండి, లేదంటే షాపులో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి. బోరు నీళ్ల సంగతి మన జిల్లా వాళ్లకు వేరే చెప్పాలా. మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువన్న కథ లోకమంతటికీ తెలుసు. పటిక, సున్నంతో నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) పెట్టిన పేరే నల్గొండ టెక్నిక్. అది మనుషులు తాగే నీళ్ల కోసం. ట్యాంకు మసకబారిందని చేపల నీళ్లలో పటిక వేస్తే చేపలు చచ్చే ప్రమాదం ఉంది.

బోరు నీళ్లు మరీ గట్టివైతే, అంటే ఖనిజాలు బాగా ఎక్కువుంటే, సగం ఆర్వో నీళ్లు కలపండి. ఉత్త ఆర్వో నీళ్లూ మంచివి కావు, అందులో ఖనిజాలు మిగలవు కాబట్టి పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం కొలత) నిలకడగా ఉండదు. ఫారాల్లో పుట్టిన ఏంజెల్స్ కాస్త గట్టి నీళ్లకు అలవాటు పడతాయి, కాకపోతే మెల్లగా అలవాటు చేయాలి.

ఎండాకాలం మధ్యాహ్నం మన దగ్గర 44 డిగ్రీలు మామూలే. ఏంజెల్‌కు హాయిగా ఉండేది 25 నుంచి 28. పైన స్లాబు కాలుతున్న గదిలో చిన్న ట్యాంకు గంటల్లో వేడెక్కుతుంది, పెద్ద ట్యాంకు మెల్లగా వేడెక్కుతుంది. ఆ తేడాయే చేపను కాపాడుతుంది. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, కాబట్టి ఎయిర్ పంపు ఆపొద్దు. కరెంటు పోతే నడిచే బ్యాటరీ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. మూత తీసి జాలీ పెట్టి, నీళ్ల మీదికి ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి. ఇలా ఆవిరైపోయిన నీళ్ల స్థానంలో మాత్రం ఆర్వో నీళ్లే పోయాలి. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పులు ట్యాంకులోనే మిగులుతాయి. పైన మళ్లీ బోరు నీళ్లు పోస్తే ఆ ఉప్పులు పేరుకుంటూ పోతాయి. చలికాలం రాత్రుళ్లకు లీటరుకు ఒక వాట్ చొప్పున హీటర్ చాలు.

చోటు, బరువు, గాజు

మూడు ఫీట్ల ట్యాంకు నిండాక గాజు 30 కిలోలు, రాళ్లు 30, నీళ్లు 150, అన్నీ కలిపి 210 కిలోల దగ్గర ఉంటుంది, స్టాండు బరువు అదనం. టీవీ స్టాండు మీద పెట్టే వస్తువు కాదిది. వెల్డింగ్ షాపులో ఇనుప స్టాండు చేయించుకోండి. పై అంతస్తు అయితే గది నడుమ కాకుండా గోడ వారగా, కింద బీము ఉన్న వైపు పెట్టండి. షాబాద్ బండల గచ్చు అయితే కంటికి చదునుగానే కనిపిస్తుంది, నీళ్లు పోశాకే ఒక పక్కకు ఒరిగిందని తెలుస్తుంది. తాపీ మేస్త్రి దగ్గరుండే లెవెల్ పైపుతో ముందే చూసుకోవాలి. స్టాండుకు, ట్యాంకుకు మధ్య థర్మాకోల్ షీటు వేయాలి. తలుపులోంచి లోపలికి పడుతుందో లేదో కొలవడం మరవొద్దు, నవ్వకండి, మా పక్కింట్లో జరిగింది.

పద్దెనిమిది అంగుళాల ఎత్తుకు గాజు 8 మిల్లీమీటర్లు అడగండి. అంతకంటే పలచటిది ఇస్తానంటే ధర తగ్గినా వద్దనండి. పాత ట్యాంకు కొంటే మూలల్లో సిలికాన్ ఊడుతోందేమో గోటితో గీకి చూడండి. కొత్తదైనా పాతదైనా ముందు నీడలో, చదునైన చోట నింపి ఒక రోజు ఉంచి, చుట్టూ కాగితం పరచి తడి చేరుతోందేమో చూడాలి. తర్వాత ఇంట్లో పెట్టి, ఫిల్టర్ నడుపుతూ, చేపలు వేయకుండానే చిటికెడు మేత వేస్తూ నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి. అమ్మోనియాను అంత హాని లేని పదార్థంగా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో పుట్టడానికి ఆ మాత్రం సమయం పడుతుంది.

మా పాత రెండు ఫీట్ల ట్యాంకును పారేయలేదు. కొత్త చేపలు తెచ్చినప్పుడు జబ్బు ఉందో లేదో తేలేదాకా రెండు వారాలు అందులోనే ఉంచుతున్నాం. బిళ్లంత చేపలకు అది ఇప్పటికీ మస్తే.