హైపర్ థైరాయిడ్‌కు రేడియో అయోడిన్ మందు తీసుకోబోయేవారు చేసుకోవలసిన ఏర్పాట్లు

హైపర్ థైరాయిడ్‌కు, అంటే థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసే జబ్బుకు, ఇచ్చే రేడియో అయోడిన్ (రేడియోధార్మికత ఉన్న అయోడిన్) మందును మింగడానికి ఒక నిమిషం కూడా పట్టదు. దానికి ముందు కొన్ని వారాలు, తర్వాత కొన్ని వారాలు ఇంట్లో చేసుకోవలసిన ఏర్పాట్లకే అసలు శ్రద్ధ కావాలి. ఆసుపత్రివారు ఇచ్చే కాగితంలో జాగ్రత్తలు రాసే ఉంటాయి గానీ, ఇంటిల్లిపాదికీ ఒకటే బాత్‌రూమ్ ఉన్నచోట, అమ్మ పక్కన తప్ప నిద్రపోని పసిపిల్ల ఉన్నచోట వాటిని ఎలా పాటించాలో అందులో ఉండదు. డాక్టరు ఈ చికిత్స సూచించినప్పటి నుంచి ఆలోచించుకోవలసిన సంగతులను ఇక్కడ వివరిస్తున్నాను. ఇందులోని మాటకూ మీ ఆసుపత్రి చెప్పిన మాటకూ తేడా వస్తే, మీ డోసు ఎంతో తెలిసినవారు వారే కాబట్టి వారి మాటే పాటించాలి.

ముందుగా కారణం తేలాలి

రిపోర్టులో టీఎస్‌హెచ్ బాగా తక్కువగా కనిపిస్తే థైరాయిడ్ తగ్గిపోయిందని అనుకునేవారు చాలామంది ఉన్నారు. టీఎస్‌హెచ్ అనేది మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌కు పంపే ఆదేశం. రక్తంలో థైరాయిడ్ హార్మోన్లు ఎక్కువైనప్పుడు ఆ ఆదేశం దాదాపు ఆగిపోతుంది. అందుకే హైపర్ థైరాయిడ్‌లో టీఎస్‌హెచ్ అడుగంటి, థైరాయిడ్ హార్మోన్లయిన టీ3, టీ4 పెరిగి కనిపిస్తాయి. గుండె దడ, చేతుల వణుకు, బాగా తింటున్నా బరువు తగ్గడం, ఉక్కను ఓర్చుకోలేకపోవడం వంటి లక్షణాలు దానితోపాటే వస్తాయి.

అయితే హార్మోను పెరిగిన ప్రతి ఒక్కరికీ ఈ మందు ఇవ్వరు. గ్రేవ్స్ వ్యాధిలో (రక్తంలోని యాంటీబాడీలు థైరాయిడ్‌ను ప్రేరేపించే జబ్బు) గ్రంథి మొత్తంగానూ, హార్మోను తయారుచేసే గడ్డలు ఉన్నప్పుడు ఆ గడ్డల మేరకూ థైరాయిడ్ అతిగా పనిచేస్తుంది. రేడియో అయోడిన్ పనికివచ్చేది ఈ రెండు సందర్భాల్లోనే. థైరాయిడైటిస్‌లో మాత్రం వాపు వల్ల గ్రంథిలో నిల్వ ఉన్న హార్మోను రక్తంలోకి కారిపోతుంది తప్ప కొత్తగా తయారుకాదు. అలాంటి గ్రంథి అయోడిన్‌ను సరిగా పీల్చుకోదు, పైగా ఆ అతి హార్మోను స్థితి చాలామందిలో కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గిపోతుంది. ఈ తేడా తెలుసుకోవడానికే గ్రంథి పనితీరు చూపే టెక్నీషియం స్కాన్‌నో, గ్రంథి అయోడిన్‌ను ఎంత పీల్చుకుంటుందో చూసే అప్‌టేక్ పరీక్షనో, గ్రేవ్స్ యాంటీబాడీల రక్తపరీక్షనో చేయిస్తారు. వీటిలో ఏదీ చేయకుండానే మందుకు తేదీ ఇస్తే, ఎందుకు అవసరం లేదో అడిగి తెలుసుకోవాలి.

గ్రేవ్స్ వ్యాధికి మనదేశంలో సాధారణంగా మొదట హార్మోను తయారీని తగ్గించే కార్బిమజోల్ మాత్రలు 12 నుంచి 18 నెలలు వాడిస్తారు. మాత్రలు ఆపాక సుమారు సగం మందిలో వ్యాధి తిరగబెడుతుంది. అలా తిరగబెట్టినవారికి, మాత్రలు పడనివారికి, గడ్డల వల్ల సమస్య ఉన్నవారికి ఇక శస్త్రచికిత్స లేదా రేడియో అయోడిన్ మిగులుతాయి.

థైరాయిడ్ గ్రంథికి హార్మోను తయారుచేసుకోవడానికి అయోడిన్ కావాలి. వచ్చిన అయోడిన్ మామూలుదో, రేడియోధార్మికత ఉన్నదో దానికి తెలియదు. అయోడిన్-131 గ్రంథిలోకి చేరి, మిల్లీమీటరు రెండు మిల్లీమీటర్లకు మించి పోని బీటా కిరణాలతో అక్కడి కణాలను క్రమంగా దెబ్బతీస్తుంది. దాని శక్తి 8 రోజులకు ఒకసారి సగానికి తగ్గుతుంది. దానితోపాటే వెలువడే గామా కిరణాలు శరీరం దాటి బయటికి వస్తాయి కాబట్టే ఇంట్లోవారి విషయంలో జాగ్రత్త అవసరమవుతుంది. 1941లో అమెరికాలోని బోస్టన్‌లో డాక్టర్ సాల్ హెర్ట్జ్ మొదటిసారి రోగులకు రేడియో అయోడిన్ ఇచ్చారు. అంటే ఇది ఎనభై ఏళ్లకు పైగా వాడుకలో ఉన్న చికిత్స. దీనివల్ల జుట్టు ఊడిపోదు, కీమోథెరపీ లాంటి బాధలు ఉండవు.

గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఈ మందు ఇవ్వకూడదు. గర్భస్థ శిశువు థైరాయిడ్ సుమారు పదో వారం నుంచి పన్నెండో వారం లోపు అయోడిన్ పీల్చుకోవడం మొదలుపెడుతుంది, మందు తల్లి నుంచి శిశువుకు చేరి ఆ గ్రంథిని నాశనం చేయగలదు. కళ్లు ఉబ్బి, ఎర్రబడి, రెండుగా కనిపిస్తున్న గ్రేవ్స్ రోగులు ముందుగా కంటి డాక్టరును కలవాలి. ఈ మందు తర్వాత కంటి సమస్య ముదరవచ్చు, పొగతాగేవారిలో ఆ ప్రమాదం మరింత ఎక్కువ. స్వల్పంగా ఉంటే స్టెరాయిడ్ మాత్రల రక్షణతో మందు ఇస్తారు, తీవ్రంగా ఉంటే వేరే దారి చూస్తారు.

మందుకు ముందు వారాల్లో

శరీరంలో మామూలు అయోడిన్ నిండిపోయి ఉంటే గ్రంథి మందును తక్కువగా తీసుకుంటుంది. ఇందులో పెద్ద అడ్డంకి వంటింటి ఉప్పు కాదు, సీటీ స్కాన్‌లో ఎక్కించే కాంట్రాస్ట్ మందు. రెండు నెలల లోపు కాంట్రాస్ట్ సీటీ గానీ, గుండెకు యాంజియోగ్రామ్ గానీ చేయించుకుని ఉంటే తప్పక చెప్పాలి. గుండె లయకు వాడే అమియోడరోన్ ప్రభావం నెలల తరబడి ఉంటుంది. గాయాలకు రాసే బెటాడిన్‌ను, సముద్రపు నాచుతో చేసిన పొడులను, అయోడిన్ కలిసిన మల్టీవిటమిన్ మాత్రలను ఆపేయాలి.

భోజనం విషయంలో హైపర్ థైరాయిడ్ రోగులకు కఠినమైన పత్యం అవసరమని నేననుకోను. ఎక్కువమంది వినే కథలు థైరాయిడ్ క్యాన్సర్ రోగులవి; వారికి తరచు 100 మిల్లీక్యూరీల (రేడియోధార్మికతను కొలిచే కొలమానం) దాకా డోసు ఇచ్చి ప్రత్యేక గదిలో ఉంచుతారు, ఆ పత్యం ఆ చికిత్సకు సంబంధించినది. అయినా ఈ మందు ఇచ్చే న్యూక్లియర్ మెడిసిన్ విభాగాలు కొన్ని వారం రోజులు అయోడిన్ లేని ఉప్పు వాడమని, చేపలు, రొయ్యలు, గుడ్లు, పాలు తగ్గించమని చెబుతాయి. అప్పుడు ఉప్పు ప్యాకెట్ మీద ఏం రాసి ఉందో చదవాలి. రాళ్లుప్పు, సైంధవ లవణం అన్నంత మాత్రాన అయోడిన్ కలపలేదని అనుకోకూడదు. నిరుడు పట్టిన ఆవకాయలో ఏ ఉప్పు వేశారో గుర్తులేకపోతే ఆ వారం రోజులూ జాడీ జోలికి పోకపోవడమే సులువు.

కార్బిమజోల్‌ను సాధారణంగా మందుకు 3 నుంచి 7 రోజుల ముందు ఆపమంటారు. ఎప్పుడు ఆపాలో, మళ్లీ మొదలుపెట్టాలో లేదో డాక్టరు చేత కాగితం మీద రాయించుకోవాలి. వయసు పైబడినవారు, గుండె జబ్బు ఉన్నవారు సొంతంగా నిర్ణయించుకుంటే ప్రమాదం. దడ తగ్గడానికి ఇచ్చే ప్రొప్రనలాల్ మాత్రను మాత్రం ఆపకుండా కొనసాగిస్తారు.

పాలిచ్చే తల్లి మందుకు కనీసం 6 వారాల ముందే పాలు మాన్పించాలి, ఆ బిడ్డకు మళ్లీ పాలివ్వకూడదు. మాన్పించిన మర్నాడే మందు తీసుకుంటే రొమ్ములోకి కూడా అయోడిన్ చేరుతుంది కాబట్టి ఈ వ్యవధి తప్పనిసరి. బిడ్డకు ఇంకా తల్లిపాలే ఆధారమైతే, కొన్ని నెలలు మాత్రలతో నెట్టుకురావడం కుదురుతుందేమో డాక్టరును అడగడం మేలు.

మందు రోజురోజుకూ శక్తి కోల్పోతుంది కాబట్టి విభాగంవారు తేదీ చూసుకుని తెప్పిస్తారు. రాలేని పరిస్థితి వస్తే కొన్ని రోజుల ముందే ఫోన్ చేసి చెప్పాలి.

మందు తీసుకునే రోజు

హైదరాబాదు నిమ్స్, తిరుపతి స్విమ్స్ వంటి ఆసుపత్రుల్లో న్యూక్లియర్ మెడిసిన్ విభాగాలు ఉన్నాయి. సాధారణంగా రెండు గంటల ముందు నుంచి ఏమీ తినకుండా రమ్మంటారు. పిల్లలు పుట్టే వయసున్న స్త్రీలకు గర్భపరీక్ష చేసి, అంగీకార పత్రం మీద సంతకం తీసుకుంటారు. సీసపు డబ్బా మూత తీసి అందులోని చిన్న సీసాలో ఉన్న ద్రవాన్ని స్ట్రాతో పీల్చమంటారు, లేదా క్యాప్సూల్ ఇస్తారు. ద్రవానికి చెప్పుకోదగ్గ రుచి ఉండదు. సీసాలో కాసిన్ని నీళ్లు పోసి మళ్లీ తాగిస్తారు, అడుగున మిగిలినది వృథా కాకుండా. గంట సేపు ఆగి తినవచ్చు. ఆ లోపు వాంతి అయితే ఎవరూ చేత్తో తుడవకుండా వెంటనే సిబ్బందిని పిలవాలి.

గ్రేవ్స్ వ్యాధికి డోసు తరచు 10 నుంచి 15 మిల్లీక్యూరీలు ఉంటుంది, గడ్డలకు మరికాస్త ఎక్కువ. 30 మిల్లీక్యూరీల లోపు డోసుకు సాధారణంగా ఆసుపత్రిలో ఉండవలసిన పని ఉండదు, అదే రోజు ఇంటికి పంపుతారు. జిల్లాల నుంచి వచ్చేవారు తిరుగు ప్రయాణం గురించి ఇక్కడే ఆలోచించాలి. రాత్రి బస్సులో ఆరేడు గంటలు పక్క సీటు ప్రయాణికుడి భుజానికి ఆనుకుని కూర్చోవడం సరికాదు. ఆ వ్యక్తి గర్భిణి కావచ్చు, ఒళ్లో పసిబిడ్డ ఉండవచ్చు. కారులో వెనక సీటులో, డ్రైవరుకు ఎదురు మూలన కూర్చుని వెళ్లడం మంచిది. లాడ్జీలో దిగకూడదు, తెలియని మనిషి ఆ పక్కదుప్పట్లు ఉతుకుతాడు. చిన్నపిల్లలున్న చుట్టాలింట్లోనూ దిగకూడదు.

ఇంట్లో

ఇంట్లోవారికి మొదట ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి: ఇది అంటుకునే రోగం కాదు, మీ పక్కన కూర్చున్నంత మాత్రాన వారి ఒంట్లోకి రేడియోధార్మికత చేరదు. మీ మెడ నుంచి వచ్చే కిరణాలు వారికి తక్కువ తగలాలంటే దూరం, సమయం రెండే మార్గాలు. దూరం రెట్టింపయితే కిరణాల తాకిడి నాలుగో వంతుకు పడిపోతుంది. హాల్లో ఒక మీటరు దూరంలో కూర్చుని కాసేపు మాట్లాడుకోవడానికి భయపడనక్కర లేదు, రాత్రంతా ఒకే మంచం మీద పడుకోవడమే కూడదు. పెద్దవారికి దూరంగా పడుకోవడం డోసును బట్టి కొన్ని రోజుల నుంచి వారం పైదాకా, గర్భిణులకు, చిన్నపిల్లలకు దూరంగా పడుకోవడం రెండు మూడు వారాల దాకా అవసరమవుతుంది.

అందరికంటే కష్టం పసిపిల్లల తల్లులది. మీకు దూరంగా ఉండమని రెండేళ్ల బిడ్డకు చెప్పి ఒప్పించలేరు. తలుపు అవతల మీ గొంతు వినిపిస్తే ఏడుస్తూనే ఉంటుంది. బిడ్డను అమ్మమ్మ ఇంటికో, నాయనమ్మ ఇంటికో పంపడమే నా దృష్టిలో సరైన ఏర్పాటు. మందు రోజునే హఠాత్తుగా పంపకుండా, ముందు నుంచే అక్కడ రెండు మూడు రాత్రులు పడుకోబెట్టి అలవాటు చేయాలి. పంపడం వీలుకాకపోతే తల్లే పుట్టింట్లో ఒక గదిలో ఉండవచ్చు, అక్కడ గర్భిణులు, పిల్లలు లేకపోతేనే.

గ్రంథి తీసుకోగా మిగిలిన మందు ఎక్కువ భాగం మొదటి రెండు రోజుల్లో మూత్రంలో పోతుంది, కొంత చెమటలో, ఉమ్మిలో పోతుంది. నీళ్లు, మజ్జిగ ధారాళంగా తాగి, మూత్రం ఆపుకోకుండా తరచు వెళ్లాలి. మగవారు కూడా కూర్చునే మూత్రం పోయాలి. వెస్ట్రన్ కమోడ్ అయితే మూత వేసి రెండుసార్లు ఫ్లష్ చేయాలి. ఇండియన్ టాయిలెట్ అయితే చిందకుండా నిదానంగా ధారాళంగా నీళ్లు పోసి, ఆ తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. బాత్‌రూమ్ ఒకటే ఉంటే ఈ జాగ్రత్తలతో అందరూ వాడుకోవచ్చు.

ఎంగిలి పట్టింపు ఉన్న ఇళ్లలో మిగతాది సగం చెప్పనక్కర లేకుండానే జరిగిపోతుంది. మీ కంచం, గ్లాసు వేరుగా ఉంచుకుని మీరే కడుక్కోవాలి, పనిమనిషికి వేయకూడదు. మీ బట్టలు, తువ్వాలు, దుప్పట్లు విడిగా ఉతకాలి. చేత్తో అన్నం కలిపి పిల్లలకు ముద్దలు పెట్టడం, ఇంటిల్లిపాదికీ చపాతీ పిండి కలపడం ఆ రోజుల్లో మానాలి. పెళ్లిళ్లు, సినిమా హాళ్లు, గుళ్లలో క్యూలు కూడా అప్పటికి వద్దు.

విదేశాల్లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లబోయేవారికి ఒక ప్రత్యేక సూచన. విమానాశ్రయాల్లో, సరిహద్దుల్లో ఉండే రేడియేషన్ పరికరాలు కొన్ని చాలా సున్నితమైనవి, మందు తీసుకున్న మూడు నెలల దాకా అవి మోగవచ్చు. డోసు, తేదీ రాసిన ఆసుపత్రి ఉత్తరం పాస్‌పోర్టుతోపాటు ఉంచుకోవాలి.

ఆ తర్వాత నెలల్లో

మొదటి వారంలో మెడ దగ్గర కాస్త నొప్పి రావచ్చు. దెబ్బతిన్న కణాల నుంచి నిల్వ హార్మోను బయటపడి, కొద్ది రోజులు దడ, వణుకు పెరగవచ్చు. తీవ్రమైన జ్వరం, ఆగని గుండె వేగం, మాట తడబాటు, అయోమయం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి. కార్బిమజోల్ వాడుతున్నవారికి జ్వరంతోపాటు గొంతునొప్పి వస్తే ఆ మాత్ర ఆపి, తెల్ల రక్తకణాల పరీక్ష వెంటనే చేయించాలి.

మందు పని పూర్తి కావడానికి 6 వారాల నుంచి 6 నెలలు పడుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలకు ఒకసారి రక్తపరీక్ష చేయించాలి. టీఎస్‌హెచ్ చాలాకాలం అడుగునే ఉండిపోగలదు కాబట్టి ఈ దశలో ఫ్రీ టీ4 (రక్తంలో విడిగా ఉండే టీ4 హార్మోను) చూడకుండా ఏ నిర్ణయానికీ రాకూడదు. గ్రేవ్స్ రోగుల్లో ఎక్కువమందికి చివరికి హార్మోను తగ్గి, హైపోథైరాయిడ్ వస్తుంది. దీన్ని చికిత్స వికటించడంగా భావించి డాక్టర్లను మార్చేవారు ఉన్నారు. గ్రేవ్స్‌లో డాక్టరు కోరుకునేది ఈ ఫలితాన్నే, ఎందుకంటే థైరాయిడ్ హార్మోనే అయిన థైరాక్సిన్ మాత్ర రోజుకొకటితో దాన్ని సరిచేయవచ్చు. నీరసం, మలబద్ధకం, చలికి ఓర్వలేకపోవడం, ముఖం ఉబ్బు కనిపిస్తే తర్వాతి తేదీ దాకా ఆగకుండా పరీక్ష చేయించాలి. మాత్రను పరగడుపున నీళ్లతో వేసుకుని, కాఫీకి, టిఫిన్‌కు కనీసం అరగంట ఆగాలి. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. ఆరు నెలల తర్వాత కూడా హార్మోను ఎక్కువగానే ఉంటే రెండో డోసు ఇస్తారు.

స్త్రీలు కనీసం 6 నెలలు, పురుషులు 4 నెలలు సంతానం కోసం ఆగాలి. గ్రేవ్స్‌కు ఈ మందు తీసుకున్న స్త్రీ ఎన్నేళ్ల తర్వాత గర్భవతి అయినా, థైరాక్సిన్‌తో రిపోర్టులు మామూలుగా ఉన్నా, ఈ సంగతి గైనకాలజిస్టుకు మొదటి సందర్శనలోనే చెప్పాలి. తల్లి రక్తంలో మిగిలి ఉన్న యాంటీబాడీలు మావి దాటి శిశువు థైరాయిడ్‌ను ప్రేరేపించగలవు, వాటిని గర్భం తొలి నెలల్లోనే రక్తపరీక్షతో కనుక్కోవచ్చు.