హార్డెనింగ్ తేడా కొట్టిందా? మళ్ళీ ఫర్నేస్‌లో పెట్టే ముందు జాబ్‌ని చూడండి

హైదరాబాద్ బాలానగర్‌లోనో జీడిమెట్లలోనో తయారైన జాబ్ (మెషీన్ మీద చేసిన స్టీల్ భాగం) హార్డెనింగ్‌కి, అంటే వేడి చేసి గట్టిపరచడానికి, వెళ్ళి మెత్తగానో, వంగిపోయో, పగిలో తిరిగొస్తే మొదట వినిపించే మాట "ఇంకోసారి కొట్టించండి" అనే. దయచేసి ఆగండి. రెండోసారి వేడి చేస్తే అసలు కారణం ఆనవాళ్ళు స్కేల్ (వేడికి పైన పట్టే ఆక్సైడ్ పొర) కింద పోతాయి. ఎనీల్ చేయకుండా (వేడి చేసి మెల్లగా చల్లార్చి మెత్తబరచకుండా) మళ్ళీ క్వెంచ్ చేస్తే, అంటే నీళ్ళలోనో ఆయిల్‌లోనో ముంచితే, బాగున్న జాబ్ కూడా పగలొచ్చు.

జాబ్ మెత్తగా వచ్చింది

ఈఎన్ 8 (మధ్యరకం కార్బన్ స్టీల్) షాఫ్ట్‌కి 50 హెచ్‌ఆర్‌సీ (రాక్‌వెల్ గట్టితనం కొలత) అడిగితే 35 వచ్చిందనుకుందాం. కొలిచిన చోటే 0.3 మి.మీ. గ్రైండ్ చేసి మళ్ళీ కొలవండి. లోపల గట్టిగా ఉంటే పైపొరలో కార్బన్ కాలిపోయినట్టే. దీన్ని డీకార్బ్ అంటారు. మళ్ళీ వేడి చేస్తే ఆ పొర ఇంకా మందమవుతుంది. అలవెన్స్ (గ్రైండింగ్‌కని వదిలిన అదనపు మందం) ఉంటే గ్రైండ్ చేసి తీసేయండి. తర్వాతి లాట్‌కి ఒక్కో వైపు 0.5 మి.మీ. వదలండి, లేదా గాలి లేని వాక్యూమ్ ఫర్నేస్‌కి పంపండి.

ఒకచోట 52, పక్కనే 38 వస్తుంటే నేరం నీళ్ళ ట్యాంక్‌ది. జాబ్ చుట్టూ ఆవిరి పొర పట్టిన చోట చల్లబడటం ఆలస్యమవుతుంది. మన మే నెల ఎండకి, పైగా వరసగా జాబ్‌లు ముంచుతుంటే, ట్యాంక్ నీళ్ళు సులువుగా 40 డిగ్రీలు దాటతాయి. 30 లోపు ఉంచండి, 100 లీటర్లకు 10 కిలోల ఉప్పు కలపండి, జాబ్‌ని ముంచి వదిలేయకుండా పైకీ కిందకీ ఆడించండి. ఆయిల్ లెక్క వేరు. అది చల్లగా ఉంటే చిక్కగా ఉండి వేడిని మెల్లగా లాగుతుంది, కాబట్టి 50-70 డిగ్రీలు ఉండాలి.

అంతటా ఒకే తీరుగా మెత్తగా ఉంటే వ్యాసం చూడండి. 80 మి.మీ. ఈఎన్ 8 లోపలి దాకా గట్టిపడదు. అది ఆ స్టీల్ స్వభావం, ఫర్నేస్ తప్పు కాదు. ఇంకా లోతుగా గట్టిపడే అల్లాయ్ స్టీల్, ఈఎన్ 19 గానీ ఈఎన్ 24 గానీ తీసుకోవాలి. వ్యాసం సరిగ్గానే ఉంటే స్పెక్ట్రో టెస్ట్ (స్టీల్‌లో ఏమేం ఎంత ఉందో చెప్పే పరీక్ష) చేయించండి. కట్ పీస్‌లు కొనేచోట రాడ్‌లు కలిసిపోవడం మామూలే. 0.2 శాతం లోపు కార్బన్ ఉన్న ఈఎన్ 353, ఎంఎస్ (మైల్డ్ స్టీల్) లాంటివాటికి ఇండక్షన్‌లో (కరెంటు కాయిల్‌తో పైపొరని వేడి చేసి గట్టిపరిచే పద్ధతి) ఎంతసేపు తిప్పినా పనికొచ్చే గట్టితనం రాదు. వాటికి 900-930 డిగ్రీల దగ్గర కార్బన్ ఎక్కించే కేస్ హార్డెనింగే దారి.

నైట్రైడింగ్ చేశాక రాక్‌వెల్ తక్కువ చూపిస్తోంది

నైట్రైడింగ్ అంటే పైపొరలో నైట్రోజన్ ఎక్కించి గట్టిపరచడం. చాలాసార్లు ఇది జాబ్ లోపం కాదు, కొలత లోపం. 60 హెచ్‌ఆర్‌సీ దగ్గర 150 కిలోల బరువుతో వజ్రపు మొన సుమారు 0.08 మి.మీ. దిగుతుంది. నమ్మదగిన కొలతకి అందుకు పదింతలు, అంటే 0.8 మి.మీ. గట్టి పొర కావాలి. నైట్రైడింగ్ పొర 0.3 మి.మీ. ఉంటే మొన కింద మెత్తటి లోపలి భాగం కుంగిపోతుంది. తక్కువ లోడ్‌తో వికర్స్ (పల్చటి పొరలకి పనికొచ్చే ఇంకో గట్టితనం పరీక్ష) పెట్టి చూడండి.

పగులు వచ్చింది

పగులు వెంట జాబ్‌ని విరగ్గొట్టి లోపలి గోడల రంగు చూడండి. ఒక్క జాబ్ పోతుంది, కానీ మిగతా లాట్ దక్కుతుంది. నల్లటి మందమైన స్కేల్ ఉంటే పగులు హార్డెనింగ్‌కి ముందు నుంచే, రాడ్‌లోనో ఫోర్జింగ్‌లోనో ఉంది. పల్చటి గోధుమ లేదా నీలి రంగు ఉంటే క్వెంచ్‌లో పగిలి, ఆ తర్వాత టెంపరింగ్‌లో (పెళుసుతనం తగ్గించడానికి మళ్ళీ తక్కువ వేడి పెట్టడం) రంగు పట్టింది. గోడలు తళతళలాడుతుంటే టెంపరింగ్ తర్వాతే పగిలింది. వాక్యూమ్‌లో చేసిన జాబ్‌లకు మాత్రం ఈ రంగు పరీక్ష పనికిరాదు.

క్వెంచ్ పగులైతే ముందు కీవే (కీ కూర్చునే గాడి) మూలలు చూడండి. కత్తిలా ఉంటే కనీసం 1 మి.మీ. రేడియస్ ఇవ్వండి, నీళ్ళ బదులు ఆయిల్ వాడండి. జాబ్ చేత్తో పట్టుకోగలిగే వేడికి, అంటే 50-60 డిగ్రీలకి రాగానే టెంపరింగ్‌లో పెట్టాలి. రాత్రి షిఫ్ట్‌లో క్వెంచ్ చేసి పొద్దున టెంపర్ చేద్దామని వదిలేసిన ఈఎన్ 24, ఓహెచ్‌ఎన్‌ఎస్ (ఆయిల్‌లో గట్టిపరిచే టూల్ స్టీల్) జాబ్‌లు ట్రేలోనే పగలొచ్చు.

గ్రైండింగ్ పగుళ్ళు వలలా సన్నగా, పైపైనే ఉంటాయి. మెత్తటి గ్రేడ్ వీల్ పెట్టండి, ఒక పాస్‌కి 0.01 మి.మీ. మించి తీయకండి, కూలెంట్ ఆపకండి.

షాఫ్ట్ వంగిపోయింది

పొడవాటి షాఫ్ట్‌ని ఫర్నేస్‌లో పడుకోబెట్టకుండా నిలువుగా వేలాడదీయండి, ముంచేటప్పుడూ నిలువుగానే దించండి. రఫ్ మెషీనింగ్ అయ్యాక 600-650 డిగ్రీల దగ్గర ప్రతి 25 మి.మీ. మందానికి గంట చొప్పున స్ట్రెస్ రిలీవ్ చేసి (లోపలి ఒత్తిడి పోయేలా వేడిలో ఉంచి), ఫర్నేస్‌లోనే చల్లారనివ్వండి. ముందే క్వెంచ్, టెంపర్ చేసిన షాఫ్ట్‌ని మాత్రం టెంపరింగ్ వేడి దాటనివ్వకండి.

అరుగుదల ఒక్క బేరింగ్ సీటు దగ్గరే ఉంటే షాఫ్ట్ మొత్తం హార్డెన్ చేయడం దండగ. ఆ చోట ఇండక్షన్ చాలు. ఫినిష్ సైజు పెద్దగా మారకూడదంటే నైట్రైడింగ్ మంచిది. 500-520 డిగ్రీల దగ్గరే జరుగుతుంది, క్వెంచ్ ఉండదు. అయితే 0.4 మి.మీ. పొరకి రెండు రోజులు కూడా పట్టొచ్చు. అంతకుముందు టెంపరింగ్ నైట్రైడింగ్ కన్నా కనీసం 30 డిగ్రీలు ఎక్కువలో జరిగి ఉండాలి. లేకపోతే లోపలి భాగం మెత్తబడి, సైజు కూడా కదులుతుంది.