సర్వే లెక్కలు పొంతన లేకుండా వస్తున్నాయా? ముందు ప్రశ్నను పైకి చదివి చూడండి

ఫీల్డ్ పని అయిపోయి, డేటా అంతా కంప్యూటర్‌లోకి ఎక్కి, థీసిస్ గడువు దగ్గర పడ్డాక పరిశోధక విద్యార్థులు నా దగ్గరికి వస్తుంటారు. "మేడమ్, లెక్కలు ఎక్కడా కుదరడం లేదు, ఏ టెస్ట్ వాడమంటారు?" అంటారు. నేను ఎదురు ఒకటే అడుగుతాను: ఇన్వెస్టిగేటర్ (ఇంటింటికీ తిరిగి ప్రశ్నలు అడిగే మనిషి) వారీగా టేబుల్ వేశారా? దాదాపు ఎవరూ వేసి ఉండరు. ఎక్సెల్‌లో పది నిమిషాల పని అది. మీ సర్వేలో ముఖ్యమైన ప్రశ్న ఒకటి తీసుకోండి. అడ్డం వరసలో జవాబులు, నిలువు వరసలో ఇన్వెస్టిగేటర్ల కోడ్‌లు పెట్టండి. ఎవరికి ఏ జవాబు ఎన్నిసార్లు వచ్చిందో కనిపిస్తుంది. ఇది చూడకుండా మిగతా ఏ చికిత్సా మొదలుపెట్టొద్దు.

శాంపిల్ ఎలా తీయాలో, ప్రశ్నావళి ఎలా తయారు చేయాలో మీకు తెలుసనే అనుకుంటున్నాను. ఇక్కడ చెప్పేవన్నీ అవి తెలిసినవాళ్లకు కూడా ఎదురయ్యే చిక్కులే.

సమస్య: ఒకే బస్తీ, ఒకే ప్రశ్న, ఇన్వెస్టిగేటర్‌ను బట్టి జవాబు మారుతోంది

నన్ను గట్టిగా దెబ్బ కొట్టింది ఇదే. చాలా ఏళ్ల కిందట హైదరాబాద్ పాతబస్తీలో, సికింద్రాబాద్ వైపు కొన్ని బస్తీల్లో ఆడవాళ్ల పని మీద సర్వే చేశాం. ప్రశ్నావళిని ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి మార్పించాం. ఇంకొకరి చేత దాన్ని తిరిగి ఇంగ్లిష్‌లోకి రాయించి, అసలుతో పోల్చి చూశాం. అక్షరం పొల్లుపోలేదు. పైలట్, అంటే కొద్దిమందితో ముందస్తు పరీక్ష చేశాం, అంతా అర్థమవుతోందని రిపోర్టు వచ్చింది. తీరా ఫారాలు చూస్తే, ఒక అమ్మాయి తెచ్చిన వాటిలో ఇంటి తరువాత ఇంట్లో ఆడవాళ్లు ఏదో ఒక పని చేస్తున్నారు. అదే గల్లీలో తిరిగిన అబ్బాయి ఫారాల్లో అందరూ గృహిణులే. వీళ్లలో ఎవరో ఇంటికి వెళ్లకుండానే ఫారాలు నింపేశారని అనుమానించాను. ఆ అబ్బాయిని నిలదీశాను కూడా. అది నా తప్పు, ఇప్పటికీ బాధగా ఉంటుంది. సూపర్‌వైజర్ మళ్లీ ఆ ఇళ్లకు వెళ్లి కనుక్కుంటే అబ్బాయి ప్రతి ఇంటికీ వెళ్లాడు, ప్రతి ఫారమూ నిజమైనదే.

కారణం కాగితం మీదే ఉంది. మేం అచ్చు వేయించిన ప్రశ్న ఇది: "గత పన్నెండు నెలల కాలంలో మీరు ఏదైనా ఆర్థిక కార్యకలాపంలో నిమగ్నమై ఉన్నారా?" గుమ్మం ముందు నిలబడి ఒక మనిషితో ఈ వాక్యం ఎవరు అనగలరు? అబ్బాయి అనలేకపోయాడు. "అక్కా, మీరు జాబ్ చేస్తారా?" అని అడిగాడు. "లేదు తమ్ముడూ, ఇంట్లనే ఉంటా" అని ఆమె చెప్పింది. ఆమె వెనకాల గదిలో మగ్గం మీద సగం కుట్టిన జాకెట్టు ముక్క బిగించి ఉంది. అమ్మాయి కూడా కాగితం చదవలేదు. "అక్కా, ఇంట్ల కూసొని ఏమన్న చేస్తరా, మగ్గం వర్క్, కుట్టుడు, అగర్‌బత్తీలు, దానికి పైసలొస్తయా?" అంది. "ఆ, వస్తయి, షాపువాళ్లు ముక్కకింత ఇస్తరు" అని జవాబొచ్చింది. మేం రాసిన ప్రశ్నను వాళ్లిద్దరూ అడగనే లేదు. చేతిలో ఒకే ఫారం ఉన్నా, వాళ్లు చేసినవి రెండు వేర్వేరు సర్వేలు.

ఈ తేడా చిన్నది కాదు. ఉపాధి, నిరుద్యోగం లెక్కల కోసం ప్రభుత్వం 2017-18 నుంచి చేస్తున్న పీఎల్‌ఎఫ్‌ఎస్ సర్వేలో కోడ్‌లు చూడండి. కేవలం ఇంటిపని చేసేవాళ్లకు 92. ఇంటిపనితో పాటు ఇంట్లో వాడుకోవడానికే కుట్టుపని చేయడం, కట్టెలు ఏరుకురావడం లాంటివి ఉంటే 93. అదే కుట్టుపని పైసల కోసం సొంతంగా చేస్తే 11, అంటే స్వయం ఉపాధి. గుమ్మం దగ్గర ఒక్క మాట మారితే ఆ ఇల్లాలు 11 నుంచి 92కి వెళ్లిపోతుంది. శ్రమశక్తి లెక్కలోంచి మనిషే మాయమవుతుంది.

ఈ తప్పు మామూలు తనిఖీలన్నిటినీ దాటుకొని వెళ్లిపోతుంది. తిరుగు అనువాదానికి ఇది అస్సలు దొరకదు. పుస్తకాల తెలుగు ఇంగ్లిష్ వాక్యానికి అద్దంలో బొమ్మలా ఉంటుంది కాబట్టి తిరిగి రాసినప్పుడు అచ్చంగా అదే వాక్యం వస్తుంది. అనువాదం ఎంత బిగువుగా ఉంటే పరీక్షలో అంత బాగా పాసవుతుంది, గుమ్మం దగ్గర అంత పనికిరాకుండా పోతుంది. పైలట్‌లోనూ బయటపడదు, ఎందుకంటే పైలట్‌కు మనమే వెళ్తాం, లేదా టీమ్‌లో చురుకైనవాళ్లను పంపుతాం. వాళ్లు అక్కడికక్కడే సొంత మాటల్లో సర్దేసి, వచ్చి "అందరికీ అర్థమైంది" అంటారు. ఇంటర్వ్యూ నిజంగా జరిగిందా అని తరువాత కనుక్కునే బ్యాక్‌చెక్ ఫోన్‌లో "మా వాళ్లు వచ్చారా, ఎంతసేపు మాట్లాడారు" అని అడుగుతాం తప్ప "ఏ మాటల్లో అడిగారు" అని అడగం. పైగా ఈ పని ఎక్కువగా చేసేది మంచి ఇన్వెస్టిగేటర్లే. ఎదుటి మనిషి ఇబ్బంది పడకూడదని మాట మారుస్తారు. అందుకని వాళ్లను తిట్టొద్దు, కాగితాన్ని దిద్దండి.

*ఏం చేయాలి*

ప్రశ్నావళి అచ్చుకు వెళ్లకముందే, దాన్ని ఎప్పుడూ చూడని ఒక మనిషి చేతికిచ్చి పైకి చదివించండి. ఎక్కడ తడబడ్డారో, ఎక్కడ తెలియకుండానే మాట మార్చారో గుర్తు పెట్టుకోండి. అవన్నీ తిరగరాయాల్సినవే. "కుళాయి" అని రాస్తే హైదరాబాద్‌లో చదివేవాళ్లు "నల్లా" అంటారు. "అద్దె"ను "కిరాయి" అంటారు. "ప్రభుత్వ నీటి సరఫరా"ను ఊళ్లో చాలామంది "మంజీర నీళ్లు" అంటారు, ఆ నీళ్లు మంజీరవి కాకపోయినా సరే. జనం నోట్లో ఉన్న మాటే కాగితం మీద పెట్టండి. "కుటుంబం" అన్న మాటతో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మీకు కావలసింది ఒకే వంట తినేవాళ్ల లెక్క అయితే "ఒకే పొయ్యి మీద వండుకొని తినేవాళ్లు మీ ఇంట్లో ఎంతమంది?" అని అడగండి. కుటుంబం అంటే కొందరు ఊళ్లో ఉన్న అత్తమామలను కూడా కలుపుతారు, కొందరు పైఅంతస్తులో వేరుగా వండుకునే తమ్ముడిని కూడా కలుపుతారు.

తరువాత పదిమంది దగ్గరికి వెళ్లి ప్రశ్న అడగండి, జవాబు రాసుకోండి. ఆపైన "నేను ఏం అడిగానని మీకు అనిపించింది, మీ మాటల్లో చెప్పండి" అనండి. ఈ పదిమందితో కూర్చుంటే తెలిసినంత వెయ్యి ఫారాలు నింపినా తెలియదు.

2011 జనాభా లెక్కల్లో హైదరాబాద్ జిల్లాలో తెలుగు, ఉర్దూ మాతృభాషగా చెప్పినవాళ్లు దాదాపు సమానం. అందుకని ఉర్దూ ప్రశ్నావళి తప్పనిసరి. అది కూడా ఇంట్లో మాట్లాడే దక్కనీకి, అంటే ఇక్కడి వాడుక ఉర్దూకు దగ్గరగా ఉండాలి. ఇంకో మాట: ఉర్దూ గడగడా మాట్లాడి, ఆ లిపి చదవలేని ఇన్వెస్టిగేటర్లు మన టీముల్లో చాలామంది. వాళ్ల కోసం ఉర్దూ ప్రశ్నలను తెలుగు లిపిలో కూడా అచ్చు వేయించండి. లేకపోతే తెలుగు కాగితం చూస్తూ ఎవరికి తోచిన ఉర్దూ వాళ్లు మాట్లాడతారు, కథ మళ్లీ మొదటికొస్తుంది.

అర్థం కానప్పుడు అదనంగా ఏం చెప్పాలో, ఆ మాటలు కూడా రాసి ఇవ్వండి. అప్పుడు "ఉన్నది ఉన్నట్టు చదవాలి" అనే నియమం పెట్టొచ్చు. నోరు తిరగని వాక్యం రాసిచ్చి ఆ నియమం పెట్టడం అన్యాయం. జవాబు చెప్పేవాళ్ల అనుమతి తీసుకొని కొన్ని ఇంటర్వ్యూలు ఫోన్‌లో రికార్డు చేయించి, మొదటి మూడు రోజుల్లోనే వినండి. సర్వే ముగిశాక వింటే దిద్దడానికి ఏమీ మిగలదు.

టేబుల్‌లో తేడా కనిపించినంత మాత్రాన తప్పు ఇన్వెస్టిగేటర్‌దేనని కూడా అనలేం. ఒకరు బోరబండలో, ఇంకొకరు కూకట్‌పల్లిలో తిరిగితే తేడా ఇళ్లదే కావచ్చు. దీనికి విరుగుడు మన దేశంలోనే పుట్టింది. గణాంక శాస్త్రవేత్త ప్రశాంత చంద్ర మహలనోబిస్ బెంగాల్ పంటల సర్వేల్లో ఒకే ప్రాంతంలోంచి రెండు విడి శాంపిళ్లు తీసి, ఒక్కోటి ఒక్కో బృందానికి ఇచ్చి, వచ్చిన లెక్కలను పోల్చేవారు. మీరు కూడా ప్రతి బస్తీనీ ఇద్దరికివ్వండి. ఒకరికి సరి సంఖ్య ఇళ్లు, ఇంకొకరికి బేసి. ఖర్చు పెద్దగా పెరగదు, ఆటో చార్జీలు కాస్త ఎక్కువవుతాయంతే.

సర్వే ఇప్పటికే అయిపోయిందా? ప్రతి ఇన్వెస్టిగేటర్ ఇళ్లలోంచి కొన్ని లాటరీ పద్ధతిలో తీసి, దిద్దిన ప్రశ్న ఒక్కటే మళ్లీ అడిగించండి. రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టి, ఎంత తేడా వచ్చిందో థీసిస్‌లో రాయండి. పాత అంకెలను ఏదో ఒక లెక్కతో "సరిచేసి" చూపించొద్దు.

సమస్య: శాంపిల్ నిండా ఇల్లాళ్లు, పెద్దవాళ్లే ఉన్నారు

పగలు తాళం వేసి ఉన్న ఇంటికి బదులు పక్కింటికి వెళ్లిపోయారు. మూల కారణం అంతే. ఆ తాళం వెనకాల ఉన్నది డ్యూటీకి వెళ్లిన మనిషి, పక్కింట్లో ఉన్నది పగలు ఇంట్లో ఉండే మనిషి. ఇద్దరూ ఒకటి కాదు. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక దాదాపు కోటి మందికి బ్యాలెట్లు పంపితే 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. ల్యాండన్ గెలుస్తాడని వాళ్లు రాశారు, రూజ్‌వెల్ట్ భారీగా గెలిచాడు. ఎవరికి పంపారన్నదీ, ఎవరు తిప్పి పంపారన్నదీ రెండూ వాళ్లను ముంచాయి.

పక్కింటికి మారే పద్ధతి ఆపేయండి. ఒక్కో ఇంటికి మూడుసార్లు వెళ్లాలి. అందులో ఒకసారి సాయంత్రం ఏడు దాటాక, ఒకసారి ఆదివారం. ప్రతి రాకనూ షీట్‌లో రాయాలి. అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపేస్తాడు, కాబట్టి ముందే అసోసియేషన్ సెక్రటరీకి ఉత్తరం ఇవ్వండి. ఇంట్లో ఎవరిని అడగాలన్నది తలుపు తీసినవాళ్లను బట్టి ఉండకూడదు. ఎవరి పుట్టినరోజు ఈమధ్య వచ్చిందో వాళ్లను అడగమని పుస్తకాల్లో ఉంటుంది, కానీ మన పెద్దవాళ్లలో చాలామందికి పుట్టినతేదీ తెలియదు. గణాంకవేత్త లెస్లీ కిష్ 1949లో ఇచ్చిన పట్టిక మనకు మేలు: ఇంట్లోని వయోజనులను వయసు వరసలో రాసుకుంటే ఎవరిని అడగాలో పట్టికే చెబుతుంది.

సమస్య: అన్నిటికీ "బాగానే ఉంది" అంటున్నారు

చుట్టూ జనం మూగి ఉంటారు, లేదా బస్తీ లీడర్ పక్కనే నిలబడి ఉంటాడు. లోపలికి వెళ్లి కూర్చొని అడగండి. ఐదు మెట్ల స్కేలు చదివి వినిపిస్తే మొదటిదో చివరిదో పట్టుకుంటారు. దాన్ని రెండుగా విడగొట్టండి: "బాగుందా, బాగాలేదా?" తరువాత "చాలానా, కొంచెమా?"

సమస్య: ఆదాయం అందరూ తక్కువే చెబుతున్నారు

2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే, 2024 నవంబర్‌లో మొదలైన ఇంటింటి కుల సర్వే చూసిన జనం ఇది. ఫారం కనిపిస్తే "రేషన్ కార్డు తీసేస్తరా?" అని భయపడతారు. ఆ భయంలో న్యాయం ఉంది. మీరెవరో, ఈ వివరాలు ఎక్కడికి వెళ్తాయో ముందే చెప్పండి. ఆదాయం ప్రశ్నను చివరికి జరిపి, దానికి తోడుగా ఖర్చులు అడగండి: కిరాయి, సరుకులు, స్కూల్ ఫీజు, చీటీ కిస్తు.

మిగతావి

384 మంది శాంపిల్ సరిపోతుందా అని చాలామంది అడుగుతారు. అది 95 శాతం నమ్మకంతో, అటూ ఇటూ 5 శాతం తేడాతో, పూర్తిగా లాటరీలా తీసిన శాంపిల్‌కు వచ్చే సంఖ్య. బస్తీలు ఎంచుకొని వాటిలో ఇళ్లు తీస్తే అంతకంటే ఎక్కువ కావాలి. ఫారాలు నిజంగా కల్పించినవైతే సర్వే యాప్‌లో నమోదైన సమయాలే పట్టిస్తాయి, నలభై నిమిషాల ఇంటర్వ్యూ ఆరు నిమిషాల్లో అవ్వదు. యాప్ సింక్ కాకపోవడం, ఒకే ఇల్లు రెండుసార్లు ఎక్కడం అరుదు. ఇంటి నంబర్ల వారీగా వరస పెడితే అవి ఒక పూటలో తేలిపోతాయి.